స్ట్రీట్ ట్రయల్స్ చేసే సైకిల్‌కి ముందు షాక్‌లు వద్దు

పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో సైకిల్ మీద ఎగిరే పిచ్చి పట్టిన కుర్రాడుంటే వాడికి తప్పకుండా చూపించండి.

విజయవాడలో గానీ గుంటూరులో గానీ సైకిల్ షాపుకి వెళ్తే మొదట చూపించేది షాక్‌లే. షాపాయన హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కుతాడు. ముందు భాగం కిందకి దిగి మళ్ళీ లేస్తుంది. "చూడండి సార్, ఎంత స్మూత్‌గా ఉందో" అంటాడు. నాన్నగారికి నచ్చుతుంది, పిల్లాడైతే అప్పటికే దాని మీద ఎక్కి కూర్చుంటాడు. టెన్త్‌లో మార్కులొచ్చినందుకు కొనిపెట్టే గేర్ సైకిల్ కదా, కాస్త ఎక్కువైనా కొనేస్తారు. కాలేజీకి, ట్యూషన్‌కి వెళ్ళడానికైతే నాకేం అభ్యంతరం లేదు. ఆ సైకిల్‌తోనే ఘాట్‌ల మీద మెట్లెక్కాలని, గోడల మీదకి ఎగరాలని, వెనక చక్రం మీద నిలబడి గెంతాలని చూసే పిల్లల గురించే నా బాధంతా. వాళ్ళు నెలల తరబడి కష్టపడతారు, రాదు. రాకపోతే తమలోనే లోపం ఉందనుకుంటారు. లోపం చాలావరకు ముందు ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే భాగంలో ఉంటుంది. షాక్‌లు ఉండేది అక్కడే.

స్ట్రీట్ ట్రయల్స్ అంటే ఏంటో తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఊళ్ళో ఉన్న గోడలు, రెయిలింగులు, మెట్లు, బెంచీలే మైదానం. కాలు కింద పెట్టకుండా వాటి మీదకి ఎక్కాలి, దిగాలి, ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి దూకాలి. దీన్ని ప్రపంచమంతా చూసేలా చేసింది స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపం కుర్రాడు డానీ మెకాస్కిల్. అప్పుడతను ఎడిన్‌బరోలో సైకిల్ షాపు మెకానిక్. 2009 ఏప్రిల్‌లో అతని వీడియో యూట్యూబ్‌లోకి వచ్చింది. సన్నటి ఇనుప కంచె మీద సైకిల్ నడిపాడు చూడండి, అదే. ఈసారి చూసేటప్పుడు అతన్ని వదిలేసి ముందు ఫోర్కు మీద కళ్ళు పెట్టండి. షాక్‌లు లేవు. రెండు కాళ్ళ మామూలు రిజిడ్ ఫోర్కు, అంటే స్ప్రింగు లేని, అణగని ఫోర్కు.

"అప్పట్లో డబ్బుల్లేక అలా తొక్కి ఉంటాడు" అని నాతో వాదించిన వాళ్ళున్నారు. పేరొచ్చి, స్పాన్సర్లు వచ్చి, ఏ సైకిల్ కావాలంటే అది దొరికే రోజులొచ్చాక కూడా అతని స్ట్రీట్ ట్రయల్స్ సైకిల్‌కి రిజిడ్ ఫోర్కే ఉంది. 2014లో స్కై ద్వీపంలోని కొండల మీద తొక్కిన వీడియోలో మాత్రం ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్ వాడాడు. మనిషి ఒక్కడే. కొండకి ఒకటి, వీధికి ఇంకోటి ఎంచుకున్నాడు. పోటీల్లో 20 అంగుళాల, 26 అంగుళాల ట్రయల్స్ సైకిళ్ళు చూడండి, వాటికీ రిజిడ్ ఫోర్కులే. ప్రపంచంలో ఈ పని అందరికంటే బాగా చేసేవాళ్ళు షాక్‌లు తీసి పక్కన పెట్టారంటే దానికో కారణం ఉంటుంది కదా!

ఎగరడానికి ముందు మనం సైకిల్‌ని కిందకి నొక్కుతాం. ఆ నొక్కుడుకి నేల నుంచి తిరిగొచ్చే బలమే మనల్ని లేపుతుంది. మధ్యలో స్ప్రింగు ఉంటే మన బలం ముందు దాన్ని అణచడానికే పోతుంది. కృష్ణ ఒడ్డున ఇసుకలో నిలబడి ఒకసారి ఎగరండి, తర్వాత ఘాట్ సిమెంటు మీద నిలబడి ఎగరండి, తేడా మీ కాళ్ళే చెప్తాయి. స్ప్రింగు తీసుకున్న బలం మళ్ళీ ఇస్తుంది కదా అని ఒక ఇంజనీరింగ్ తమ్ముడు అడిగాడు. ఇస్తుంది. కానీ రాపిడిలో కొంత పోగా మిగిలింది ఇస్తుంది, అదీ దాని టైముకి ఇస్తుంది. మనం హ్యాండిల్ లాగే క్షణం ఒకటి, స్ప్రింగు తిరిగి లేచే క్షణం ఇంకొకటి. ఖరీదైన ఫోర్కుల్లో ఆ తిరిగి లేచే వేగాన్ని సర్దుకోవడానికి ఒక నాబ్ ఉంటుంది. మన పిల్లలు తొక్కే పది పదిహేను వేల సైకిళ్ళ ఫోర్కులకి మామూలుగా అది ఉండదు.

పద్మావతి ఘాట్ దగ్గర సాయంత్రాలు ప్రాక్టీస్ చేసే కుర్రాడు ఒకడున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, సింగ్ నగర్ నుంచి తొక్కుకుంటూ వస్తాడు. బ్యాలెన్స్ చూస్తే ముచ్చటేస్తుంది. ఆగి ఉన్న సైకిల్ మీద కాలు కింద పెట్టకుండా ఫోన్ మాట్లాడతాడు. అలాంటివాడికి రెండు మెట్ల ఎత్తు ఎక్కడం రావట్లేదు. "అన్నా, నా టైమింగే తప్పు" అంటాడు. ఒక రోజు వాడి ఫోర్కు పై గొట్టానికి రబ్బరు బ్యాండు కట్టి, కింది గొట్టం అంచున ఉండే సీలు దగ్గరకి జరిపి పెట్టాను. ఎక్కి ఒక్కసారి మామూలుగా హాప్, అంటే సైకిల్‌తో సహా గెంతు, చేయమన్నాను. చేశాడు. దిగి చూస్తే బ్యాండు గొట్టం మీద సగం పైకి పోయి ఉంది. వాడు దాని పక్కన వేళ్ళు పెట్టి కొలిచాడు, మూడు వేళ్ళ వెడల్పు. నేలని తన్నడానికి పెట్టిన బలంతో గొట్టం అంత లోపలికి పోయిందన్నమాట. పైకి లేచేటప్పుడు లోపల 'టక్' మని శబ్దం, స్ప్రింగు చివరికంటా వచ్చి కొట్టుకున్న శబ్దం అది. మీ సైకిల్‌కి కూడా ఈ రబ్బరు బ్యాండు పరీక్ష చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ముందు చక్రం మీద చేసే పనుల్లో ఇది ఇంకా అన్యాయం. ముందు బ్రేకు పట్టి వెనక చక్రం లేపాలంటే, గోడ మీద ముందు చక్రం ఆనించి మిగతా సైకిల్‌ని లాక్కోవాలంటే, ఆ ముందు చక్రం ఎక్కడ పెట్టామో అక్కడే ఉండాలి. షాక్ ఉంటే బ్రేకు పట్టగానే ముక్కు కిందకి దిగుతుంది, బరువు ముందుకి పోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్ళిపోతాడు. పైగా తక్కువ ధర ఫోర్కుల్లో గొట్టాల మధ్య లూజు ఉంటుంది. ముందు బ్రేకు పట్టుకొని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్‌లో ఆ కదలిక తెలుస్తుంది. అంగుళాల లెక్కన చక్రం పెట్టాల్సిన ఆటలో ఆ లూజుతో ఎలా నేర్చుకుంటారు? బరువు సంగతి కూడా చూడండి. చౌక స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల దాకా తూగుతుంది, మంచి స్టీలు రిజిడ్ ఫోర్కు కిలో అటూ ఇటూ. ప్రతి హాప్‌లోనూ మోసేది ఆ బరువునే.

షాక్ కదలకుండా బిగించే లాకవుట్ మీట ఉంది కదా, తిప్పేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. చాలా ఫోర్కుల్లో లాక్ చేసినా కొంచెం కదులుతుంది. అది ఎత్తు రోడ్డు మీద లేచి నిలబడి తొక్కడానికి పెట్టింది. లాక్‌లో ఉంచి గోడ మీద నుంచి దూకితే లోపలి భాగాలు పాడవ్వొచ్చు.

షాక్‌ల వైపు కూడా న్యాయం ఉంది, అది చెప్పకపోతే తప్పు. మట్టి దిబ్బల మీద డర్ట్ జంప్ చేసేవాళ్ళకి, బాగా ఎత్తు నుంచి చదును నేల మీదకి దూకేవాళ్ళకి 100 మిల్లీమీటర్ల గట్టి డర్ట్ జంప్ ఫోర్కు చాలా సాయం చేస్తుంది. 90లలో హాన్స్ రే లాంటి పేరున్న ట్రయల్స్ రైడర్లు, మహానుభావులు, సస్పెన్షన్ ఫోర్కుతోనే ట్రయల్స్ చూపించారు. కాకపోతే వాళ్ళు రిజిడ్ మీద నేర్చుకొని వచ్చినవాళ్ళు. పైగా అలాంటి ఫోర్కు ఒక్కదాని ధరకి మన పిల్లలు వాడే మొత్తం సైకిల్ వస్తుంది.

రిజిడ్ అయితే చేతులు నొప్పెడతాయి, నిజమే. మొదట్లో మణికట్లు పట్టేస్తాయి. దానికి మందు టైరులో ఉంది. 2.3 అంగుళాల పైన లావు టైరు వేసి, మనిషి బరువుని బట్టి 30 పీఎస్ఐ అటూ ఇటూ గాలి పెట్టండి. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకి నొక్కుకొని పంచరవుతుంది. మిగతాది మోచేతులు, మోకాళ్ళు చూసుకుంటాయి. వెనక చక్రం ముందు దిగేలా ల్యాండ్ అవ్వడం అలవాటు చేసుకోండి. షాక్ ఉన్నన్నాళ్ళూ ఈ అలవాటు రాదు, ఎందుకంటే ముక్కు మీద దిగినా అది కాపాడేస్తుంది. రిజిడ్ మాత్రం తప్పుగా దిగిన ప్రతిసారీ చేతులకి చెప్తుంది.

మెయింటెనెన్స్ గురించి మన ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో సైకిళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ కుర్రాడిదీ అంతే. తర్వాత ఫోర్కు విప్పితే బురద, తుప్పునీళ్ళు కలిసి కారాయి. స్ప్రింగు ఎర్రగా అయిపోయి ఉంది. గ్రీజు పెట్టి బిగించారు గానీ ఫోర్కు కాలు ఒకటి సగంలో పట్టేస్తుంది ఇప్పటికీ. రిజిడ్ ఫోర్కు అయితే కడిగి, తుడిచి, హెడ్ బేరింగులకి గ్రీజు పెడితే పనైపోయేది.

ఇది చదివి రేపే షాక్ పీకేసి ఏదో ఒక పాత ఫోర్కు బిగించకండి, దండం పెడతాను. ఫోర్కు పొడుగు చూడాలి, అంటే ఇరుసు నుంచి ఫోర్కు తల దాకా ఉండే కొలత. ఉన్నదానికంటే 2 సెంటీమీటర్లు పొట్టిది వేస్తే హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు పైన ఉండే గొట్టం వాలు, ఇంచుమించు ఒక డిగ్రీ నిటారవుతుంది, పెడల్ ఇరుసు కొంచెం కిందకి దిగుతుంది. ఆ మాత్రం బాగానే ఉంటుంది. బాగా పొట్టిది వేస్తే సైకిల్ ముందుకి తూలుతుంది, దిగేటప్పుడు ప్రమాదం. స్టీరర్ గొట్టం (ఫోర్కు నుంచి పైకి, హ్యాండిల్ దాకా పోయే గొట్టం) లావు, దానికి మరలున్నాయా లేదా, డిస్క్ బ్రేకు బిగించే చోటు ఉందా, ఇవన్నీ కలవాలి. తల, స్టీరర్ కలిసే చోట వెంట్రుకంత పగులున్నా వాడొద్దు. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకుంటానన్నాడు ఒకడు. లారీ బాడీలు కట్టడంలో ఆటోనగర్ వాళ్ళని మించినోళ్ళు లేరు, నాకు గౌరవం. కానీ గోడ మీద నుంచి దూకే ఫోర్కు ఆ గొట్టం దగ్గర విరిగితే పళ్ళు, దవడ పోతాయి. ట్రయల్స్‌కో డర్ట్ జంప్‌కో చేసిన ఫోర్కే తెచ్చుకోండి. ఆన్‌లైన్‌లో ఆలస్యమైనా దొరుకుతాయి.

సింగ్ నగర్ కుర్రాడికి ఇప్పుడు కావాల్సింది 26 అంగుళాల చక్రానికి స్టీలు రిజిడ్ ఫోర్కు. ఒకటింబావు కాదు, 1⅛ అంగుళం స్టీరర్, మరల్లేనిది, కోయకుండా పొడుగ్గా ఉన్నదైతే మేలు. డిస్క్ బ్రేకుకి చోటు ఉండాలి, పొడుగు 440 నుంచి 450 మిల్లీమీటర్ల మధ్య. మీ దగ్గర గానీ, మీకు తెలిసిన వాళ్ళ దగ్గర గానీ వాడకుండా పడి ఉంటే, తల దగ్గర ఫోటో దగ్గరగా తీసి నాకు మెసేజ్ పెట్టండి. డబ్బులు నేనిస్తాను, గుంటూరైనా తెనాలైనా నేనే వచ్చి తీసుకెళ్తాను.