మా వీధి, యూక్లిడ్, నా కుడికాలు

అమెరికాలో పట్టణ ప్రణాళిక చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు బరంపురం వచ్చిన మర్నాడే, అక్కడి నగరాలు కింద అంగడి, పైన కాపురం, నడిచి వెళ్ళేంత దూరంలో సమస్తం ఉండేటట్టు నడిబొడ్డు పేటలకు కొత్త నిబంధనలు రాసుకుంటున్నాయని చెప్పగా, నాకు నవ్వాగలేదు. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, మేడమీద అద్దెకున్నవాళ్ళు, వీధివైపు కిరాణా కొట్టు, ఇదంతా మా నేత వీధిలో తాతలనాటి నుంచీ ఉన్నదే. 1936లో మా ఊరు మద్రాసు రాజధానిని విడిచి ఒరిస్సాలో కలిసినప్పుడు కాగితాల మీద భాష మారింది గాని, కొట్టు మీది మేడ కదలలేదు.

మరి అక్కడ ఇంటినీ కొట్టునూ మొదట ఎందుకు విడదీశారని అడిగాను. ఏ పేటలో ఏది కట్టవచ్చునో 1916లో న్యూయార్క్ ఊరంతటికీ చట్టం చేసిందనీ, 1926లో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే ఊరి వ్యాజ్యంలో వాళ్ళ సుప్రీంకోర్టు అటువంటి చట్టాలు చెల్లుతాయని తీర్పిచ్చిందనీ, తరువాత ఇళ్ళు ఒకచోట, అంగళ్ళు మరొకచోట అయిపోయి పాలకు కూడా కారు తీయవలసిన గతి చాలాచోట్ల పట్టిందనీ వాడు చెప్పాడు. సమాంతర రేఖలు కలవవని మా లెక్కల మాస్టారు బెత్తంతో నేర్పిన పాఠం గుర్తొచ్చింది. ఆ రేఖాగణితం రాసిన గ్రీకు పండితుడు యూక్లిడ్ పేరున్న ఊరు ఇంటినీ కొట్టునూ కలవనీయకపోవడంలో వింతేముంది?

ప్రతి కట్టడానికీ ఇన్ని కార్ల చోటు వదలాలన్న నియమాన్ని అక్కడి బఫెలో నగరం 2017లో ఎత్తేసిందట. మా వీధిలో కారు నిలిపే చోటంటూ ఒకటుంటే, అందులో ఈపాటికే ఆంబోతు పడుకుని ఉంటుంది.

నడక వీధి అంటే ఏమిటో చూపిస్తాను రమ్మని బయటికి తీసుకువచ్చాను. వాడు టేపు పట్టుకుని, కాలిబాట ఎక్కడని అడిగాడు. కాలిబాట ఉండవలసిన చోట మురికికాలువ, కాలువ మీద సిమెంటు పలక, పలక మీద నా ఉల్లిపాయల బస్తా, బెల్లం బుట్ట ఉన్నాయి.

"మావయ్యా, మీ కొట్టు హద్దు ఎక్కడిదాకా?"

"ఇదిగో, ఇక్కడిదాకా" అని మడమతో గట్టిగా తన్ని చూపించాను. ఇనుప చువ్వల ఖర్చు మిగులుతుందని నేను సగం చువ్వలతో పోయించిన పలక అది. ఫెళ్ళున విరిగి, నా కుడికాలు మోకాలిదాకా కాలువలోకి దిగిపోయింది.

అరుగుల మీదా కిటికీల వెనకా మనుషులున్న వీధికి వాళ్ళ చూపులే కాపలా అని 1961లో నగరాల గురించి రాసే అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ రాసినట్టు వాడు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. ఆ కాపలా మొత్తం ఒక్కసారి నా మీద పడింది. మేడమీది పిల్ల "మఉసా పడిగలే!" అని కేకవేసింది, బాబాయి పడిపోయాడన్న ఆ ఒరియా ముక్కకు మా వీధిలో ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. దర్జీ సూది నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు, మందుల కొట్టు కాంపౌండరు దూది సీసాతో దిగాడు, టీ కొట్టతను నా చెప్పు కోసం కర్రతో కాలువ కెలికాడు.

ఇంతమంది లాగుతుంటే మా వాడు మాత్రం నోటుపుస్తకం తీసి, "దర్జీ తొమ్మిది అడుగులు, కాంపౌండరు ఇరవై మూడు" అని రాసుకున్నాడు. తరువాత టేపు పరిచి, నేను పడిన గొయ్యి నా గోడకు రెండున్నర అడుగులు అవతల, వీధి స్థలంలో ఉందని తేల్చాడు. ఆ ఒక్క కొలత రాయవద్దని బతిమాలుతున్నాను. ఈలోగా ఆంబోతు తాపీగా లేచి, నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్న నా బెల్లం బుట్ట దగ్గర ఆగింది.