530 కిలోమీటర్లు, ఆరు రోజులు

పోయిన జూలైలో అమ్మమ్మకి సీరియస్‌గా ఉందని గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే నుంచి ఫోన్ వచ్చింది. నేనుండేది పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం). హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, “అన్నయ్యా, 530 కిలోమీటర్లే కదా, గంటా పావు ఫ్లైట్ అని చూపిస్తోంది, ఇంకా బయల్దేరలేదా?” అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ వెబ్‌సైట్లు రెండు రన్‌వేల మధ్య ఒక గీత గీసి, దాన్ని విమానం వేగంతో భాగించి టైమ్ చెప్పేస్తాయి, ఆ దారిలో అసలు విమానం తిరుగుతుందా అన్నది వాటికి అక్కర్లేదు.

క్యాంప్‌బెల్ బేలో రన్‌వే ఉంది. అది నేవీది, 2012లో ఐఎన్ఎస్ బాజ్ అని పేరు పెట్టారు. కానీ నాలాంటివాడు టికెట్ కొనుక్కుని ఎక్కడానికి రోజూ తిరిగే విమానమంటూ లేదు. హెలికాప్టర్ ఉంది, సీట్లు కొన్నే, అవీ ముందు పేషెంట్లకి. అది న్యాయమే, నాకు దాని మీద కోపం లేదు. అద్దానికి అంటించిన లిస్టులో రోజూ వేలు పెట్టి నా పేరు వెతుక్కున్నాను, వెయిటింగ్‌లో 23. రెండో రోజు రాత్రి అమ్మమ్మ పోయింది.

ఇక ఓడే దిక్కు. వాతావరణం బాలేదని రెండుసార్లు వాయిదా పడి నాలుగో రోజు కదిలింది. వానాకాలంలో టెన్ డిగ్రీ ఛానల్ (అండమాన్‌నీ నికోబార్‌నీ విడదీసే సముద్రం) దాటడమంటే ఏంటో దాటినవాళ్ళకే తెలుసు, సుమారు 150 కిలోమీటర్ల వెడల్పు, ఎటు చూసినా నేల కనిపించదు. నా పక్క బంక్‌లో ఒకమ్మాయి, పోర్ట్ బ్లెయిర్‌లో కాన్పు అయి ఇంటికి వెళ్తోంది, రెండు రాత్రులూ పసిబిడ్డని గుండెకి అదుముకుని కూర్చునే ఉంది, ఓడ ఒరిగినప్పుడల్లా ఒక చేత్తో కమ్మీ పట్టుకునేది. ఆరో రోజు దిగాను. అప్పటికి చిన్నకర్మ కూడా అయిపోయింది.

1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలని ప్రభుత్వమే తీసుకెళ్ళి గ్రేట్ నికోబార్‌లో స్థిరపరిచింది, పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, మన ఆంధ్ర నుంచి కూడా. మా తాతయ్య అలా వచ్చినవాడే. అడవి కొట్టి కొబ్బరి వేసినవాళ్ళు, 2004 సునామీలో ఉన్నదంతా పోగొట్టుకుని మళ్ళీ నిలబడినవాళ్ళు. 2011 లెక్కల్లో ఆ దీవి జనాభా ఎనిమిది వేల చిల్లర.

స్కాట్లాండ్ దగ్గర ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లు, విమానంలో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చి ఒకసారి 53 సెకన్లలోనే దిగింది. అందరూ ఈ రికార్డునే వింతగా షేర్ చేస్తారు. నాకు వింతగా అనిపించేది వేరు. పాపా వెస్ట్రేలో ఉండేది వంద మంది లోపే. అయినా అక్కడి కౌన్సిల్ డబ్బు పెట్టి మరీ ఎనిమిది సీట్ల చిన్న విమానం నడిపిస్తోంది, 1967 నుంచి ఆ సర్వీసు ఉంది.

మేమేం జెట్ విమానాలు అడగట్లేదు. ఉన్న రన్‌వే మీదే ఒక చిన్న విమానం, వారానికి రెండు రోజులు, ఏ రోజో నెల ముందే తెలియాలి, మామూలు మనుషులకి నాలుగు సీట్లు విడిగా ఉంచాలి. గ్రేట్ నికోబార్‌కి పెద్ద ఎయిర్‌పోర్ట్ వస్తుందంటున్నారు, అది వచ్చేదాకా కూడా మావాళ్ళకి జబ్బులొస్తాయి, కాన్పులొస్తాయి.