లాగ్‌బుక్ గారికి, ముద్ర పడని హౌస్ సర్జన్ రాయునది

మహారాజశ్రీ ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ గారికి, ఉద్దానంలోని ఓ పీహెచ్‌సీ వరండా బల్ల మీంచి నమస్కరించి రాయునది ఏమనగా...

నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా, చేసిన పనులకి తమరిలో సంతకం పెట్టించుకోవాలని, తమర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు గారు శ్రీకాకుళం మీటింగు నుంచి వచ్చి, పాపం, నిలబడే సంతకం పెట్టారు. తీరా చూస్తే స్టాంపు ప్యాడు ఎండిపోయింది. ముద్ర లేని సంతకం తమరికి చెల్లదట. రేపు రమ్మన్నారు.

అయిదున్నరేళ్ళ చదువులో ఆఖరి ఏడాది మొత్తం తమరి చేతిలోనే ఉంది. అందులో కమ్యూనిటీ మెడిసిన్‌కి, అంటే ఇలా ఊళ్ళ ఆరోగ్యం చూసే పనికి, 12 వారాలు. స్టైపెండు గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, అది పడ్డాక.

తమరిలో 'ఇంజెక్షన్లు ఇచ్చుట' అని ఓ గడి ఉంది కదా. పోయిన మంగళవారం ఓ మామ్మ వచ్చింది. "మోకాళ్ళు పట్టేసినాయి బాబూ, ఓ సూదిమందు ఏసీ" అంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు చీటీ రాసిచ్చేశాను. సిస్టర్ గారు చీటీ చూశారు. సిరంజి జోలికి పోకుండా వంగి, మామ్మ కాలి మీద బొటనవేలితో నొక్కారు. గుంట పడింది. పడిన గుంట అలాగే ఉంది, కాలికి నీరు పట్టింది.

"ఏ ఊరు మామ్మా?"

"కవిటి కాడ."

"రక్త పరీక్ష కాగితమేదైనా ఉందా?"

కొంగు ముడి విప్పితే నాలుగు మడతల రిపోర్టు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.8, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద, కారణం ఇంకా తేలలేదన్న ముక్కతో సహా, పరీక్షలో రెండు పేజీలు రాసినవాణ్ణి నేను. నొప్పి మందులు కిడ్నీని ఇంకా పాడు చేస్తాయని అందులోనే అండర్‌లైన్ చేశాను కూడా. మామ్మని మాత్రం ఊరి పేరైనా అడగలేదు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ఏ గడిలో రాయను? ఆ సూది పొడిచేసి ఉంటే తమరి దగ్గర ఓ గీత పడేది. పొడవలేదు కాబట్టి సున్నా. నాకు నేర్పింది సిస్టర్ గారు. ఆవిడ సంతకం తమరికి పనికిరాదు! సిగ్గుండాలి.

మామ్మని మళ్ళీ గురువారం రమ్మన్నాం. మర్చిపోకుండా తమరి వెనక అట్ట మీద రాసుకున్నాను. అక్కడైతే ముద్ర అక్కర్లేదు.

రేపు వస్తున్నాను. ప్యాడులోకి ఇంకు సీసా నేనే కొన్నాను.