రివ్యూ మీటింగ్‌లో ఆఖరి స్లైడ్ గారికి ఒక లేఖ

ఆఖరి స్లైడ్ గారూ, నమస్కారం.

నేను సూపర్ మార్కెట్ కంపెనీలో లాస్ ప్రివెన్షన్ (ఎల్పీ), అంటే సరుకు పోకుండా కాపాడే పని చూస్తుంటాను, నెలనెలా మిమ్మల్ని తయారుచేసేది నేనే. సేల్స్ వాళ్ల స్లైడ్లు తెగవు, మార్కెటింగ్ వాళ్లయితే పాట పెట్టి వీడియో కూడా వేస్తారు, తీరా మీ వంతు వచ్చేసరికి సమోసాల ప్లేట్లు ఖాళీ, ఎండీ గారు ఫ్లైట్ టైమ్ చూసుకుంటుంటారు. "ష్రింకేజ్ ఎంత? ఒకటిన్నర శాతమా? తగ్గించండి." (ష్రింకేజ్ అంటే అమ్మకుండానే మాయమైన సరుకు.) అయిపోయింది, మీ జన్మ తరించింది.

మీరు మాత్రం తక్కువ తిన్నారా? మీ ఒంటినిండా ఏముంటుంది? ఈ నెల పట్టుకున్న దొంగల సంఖ్య, ఓ ఎర్ర బాణం, ఒక సీసీటీవీ ఫొటో. మనిషి మొహం మసక, చేతిలో డియో డబ్బా మాత్రం స్పష్టం. గదిలో అందరూ ఓసారి "అయ్యో" అని, ల్యాప్‌టాప్‌లు మూసేస్తారు. దొంగల్ని పట్టానని చెప్పుకునేవాణ్ణి కంపెనీ గేటు దగ్గరే నిలబెడుతుంది గానీ లోపలికి పిలిచి కుర్చీ వేయదు సార్.

పోనీ భయపెట్టి పెద్దరికం సంపాదిద్దామా అంటే, అమెరికాలో ఆ ముచ్చటా తీరింది. 2021లో పోయిన 94.5 బిలియన్ డాలర్ల సరుకులో దాదాపు సగం ముఠాల పనేనని అక్కడి దుకాణాల సంఘం నేషనల్ రిటైల్ ఫెడరేషన్ 2023లో రిపోర్టు రాసి, డిసెంబరుకల్లా ఆ ముక్క వెనక్కి తీసుకుంది. అదే ఏడాది జనవరిలో అక్కడి మందుల షాపుల కంపెనీ వాల్‌గ్రీన్స్ సీఎఫ్ఓ (డబ్బు లెక్కలు చూసే పెద్ద) కూడా, దొంగతనాల గురించి నిరుడు మేం కాస్త ఎక్కువే ఏడ్చామేమో అన్నాడు. ఇక ఆ తర్వాత నిజం చెప్పినా ఎవడు వింటాడు?

మా పాత సార్‌ది ఇంకో దారి, తాళం. షేవింగ్ బ్లేడ్లు పోతున్నాయని అద్దాల బీరువాలో పెట్టించారు. దొంగతనం ఆగింది. అమ్మకమూ ఆగింది, ఎందుకంటే తాళంచెవి ఉన్న కుర్రాడు ఎప్పుడు చూసినా భోజనానికి వెళ్లే ఉంటాడు. సార్ ఆ నెల మీ మీద ఆకుపచ్చ బాణం వేసుకుని మురిశారు, సేల్స్ హెడ్ ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

అసలు సరుకు ఎక్కడ పోతోందో మీరెప్పుడైనా చెప్పారా? పొద్దున ఆరింటికి వెనక షట్టర్ దగ్గరికి రండి. డ్రైవర్ "అన్నా, ఇంకా నాలుగు షాపులున్నాయి, తొందరగా కానీ" అంటాడు, మావాడు క్రేట్లు లెక్కపెట్టకుండా బిల్లు మీద సంతకం గీకి స్టాంపు కొడతాడు. రెండు క్రేట్లు తక్కువొచ్చినా కంప్యూటర్‌కి అన్నీ వచ్చినట్టే. లోపల త్రాసు దగ్గర జీడిపప్పు కవర్ మీద పల్లీల కోడ్ స్టిక్కర్ పడుతుంది, అది పొరపాటో చుట్టరికమో దేవుడికెరుక. ముందు గేటులో గార్డు మాత్రం కస్టమర్ బిల్లుకి శ్రద్ధగా చిల్లు పొడుస్తుంటాడు, సంచిలోకి తొంగి చూడడు.

అందుకని మిమ్మల్ని ముక్కలు చేసి పంచేస్తున్నాను, ఏమీ అనుకోకండి. తక్కువొచ్చిన క్రేట్లు పర్చేజ్ వాళ్ల స్లైడ్‌లోకి పోతాయి, సప్లయర్ పేమెంట్‌లో వాళ్లే కోసుకుంటారు. పోయిన, పాడైన సరుకు ఫైనాన్స్ వాళ్లకి. సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం దొంగలు ఎత్తుకెళ్లినదాని మీద, పాడైనదాని మీద, లెక్కల్లోంచి కొట్టేసినదాని మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకునే వీలు) దక్కదు, తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. ఈ ఒక్క మాటతో సీఎఫ్ఓ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, దొంగ ఫొటోలు ఎన్ని చూపించినా కదలని మనిషి! సేల్స్ వాళ్లకేమో ఇంకా మంచి ముక్క ఉంది: సిస్టమ్‌లో ఆరు ప్యాకెట్లు ఉన్నట్టు చూపిస్తుంది, తీరా చూస్తే షెల్ఫ్ ఖాళీ, సరుకు ఉందనుకుని ఆటో ఆర్డర్ పడదు, కస్టమర్ పక్క షాపుకి పోతాడు. అది నా నష్టం ఎలా అవుతుంది, వాళ్ల టార్గెట్ కదా.

స్టోర్ మేనేజర్లకి మాత్రం ఒక్క లెక్కే చెప్తున్నా. నూటికి రెండు రూపాయలు మిగిలే వ్యాపారంలో వంద రూపాయల సరుకు పోతే, ఆ వంద తిరిగి రావడానికి ఐదు వేలు అమ్మాలి. శాతాల్లో చెప్పినన్నాళ్లూ తలూపారు, ఇలా చెప్తే కాల్క్యులేటర్ తీస్తున్నారు. నిన్న ఒకాయన తనంతట తనే ఫోన్ చేసి, "సార్, డంప్ అయిన పెరుగు ప్యాకెట్లు నా ఇన్సెంటివ్‌కి ఎంత బొక్క?" అని అడిగాడు. గంటసేపు మాట్లాడాం. మీ ఊసే రాలేదు.

ఇట్లు,
మీ ఎల్పీ సార్

తా.క.: ఆ డియో ఫొటో ఫైల్లో దాచి ఉంచాను, ఎండీ గారు సరదాపడి అడిగితే చూపిస్తా.