ఫోమ్ వాడితేనే జుట్టొస్తుందా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌లో నిజమెంత, గ్యాస్ ఎంత

జుట్టు రావడానికి తలకి రాసుకునే మినాక్సిడిల్ అనే మందు గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, అదే మ్యాటర్ చదివి రీల్స్ కూడా చేస్తున్నారు. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా: "మినాక్సిడిల్ లిక్విడ్ పాతకాలం మందు. అందులో ఆల్కహాల్ ఉంటది, తల పాడైపోద్ది, ఉన్న జుట్టు కూడా ఊడిపోద్ది. ఫోమ్ అయితే లేటెస్ట్, ఆల్కహాల్ లేదు, కెమికల్స్ లేవు, డబుల్ రిజల్ట్, సైడ్ ఎఫెక్ట్స్ జీరో, హార్ట్‌కి సేఫ్. ఆర్నెల్లు వాడి ఆపేయొచ్చు."

నేను మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడే మనిషిని. ఈ మధ్య ఫోన్ తీసి ఈ మెసేజ్ చూపించి "అన్నా ఇది కాదు, నురగ లాగా వస్తదే, అది ఇవ్వు" అని అడిగేవాళ్లు బాగా పెరిగారు, నిన్నటిదాకా లిక్విడ్ వాడుతూ ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా భయపడి మార్చేస్తున్నారు. ముందే చెప్తున్నా, ఫోమ్ అమ్మితేనే నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి, కాబట్టి ఇది ఎవరో డబ్బులిచ్చి రాయించిందని మాత్రం అనకండి.

మొదటిది, "లిక్విడ్ పాతది, ఫోమ్ లేటెస్ట్."

మందు ఒక్కటే బాబూ. రెండిట్లో ఉండేది మినాక్సిడిలే. ఇది అసలు బీపీ మాత్ర, అమెరికాలో అప్‌జాన్ అనే కంపెనీ తయారుచేసింది, 1979లో బీపీ ఎక్కువగా ఉండి వేరే మందులకి లొంగనివాళ్ల కోసం పర్మిషన్ వచ్చింది, ఆ మాత్ర మింగినవాళ్లకి మొహం మీదా చేతుల మీదా వెంట్రుకలు రావడం చూసి, అయితే తలకి రాస్తే ఎలా ఉంటుందని మొదలైంది ఈ కథంతా. 1988లో మగాళ్లకి 2% లిక్విడ్ రోగైన్ పేరుతో వచ్చింది, 1991లో ఆడవాళ్లకి, 1997లో మగాళ్లకి 5% ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునేలా వచ్చింది. ఫోమ్‌కి 2006లో పర్మిషన్ ఇచ్చారు. అంటే మెసేజ్‌లో లేటెస్ట్ అంటున్నది కూడా దాదాపు ఇరవై ఏళ్ల నాటిది. డోసు లెక్క చూసినా అంతే. 5% లిక్విడ్ 1 ఎమ్మెల్‌లో 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఫోమ్ సగం మూత అంటే సుమారు ఒక గ్రాము, అందులోనూ 50 మిల్లీగ్రాములే. సరుకు ఒకటే, మోసుకొచ్చే బండి వేరు.

"ఫోమ్‌లో ఆల్కహాల్ లేదు, కెమికల్స్ లేవు."

ఇది రాసినవాడు డబ్బా వెనక్కి తిప్పి చూడలేదు. ఫోమ్‌లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, లిక్విడ్‌లో ఉండే ఇథైల్ ఆల్కహాలే. దాంతోపాటు నురగ నిలవడానికి సెటైల్ ఆల్కహాల్, స్టీరైల్ ఆల్కహాల్, పాడవకుండా బీహెచ్‌టీ, నురగని బయటికి తోయడానికి ప్రొపేన్, బ్యూటేన్ గ్యాసులు. అవును, మన వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండేవే. కెమికల్స్ లేవంట! అసలు మినాక్సిడిల్ అనేదే కెమికల్ కదా, అది కూడా లేకపోతే ఇంకేం కొంటున్నట్టు మీరు.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి, మెసేజ్‌లో లేనిది. డబ్బా మీద ప్రెషరైజ్డ్ అని రాసి ఉంటే (గ్యాస్ లేని పంపు టైపు కూడా కొన్ని వస్తున్నాయి, లేబుల్ చదువుకోండి) దాన్ని 50 డిగ్రీల దగ్గరికి వెళ్లే చోట పెట్టకూడదు. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దాలెత్తి ఆపిన కారు లోపల వేడి ఆ పాటికి ఎప్పుడో దాటేస్తుంది. జిమ్ బ్యాగులో పడేసి ఆ బ్యాగు కారు డాష్‌బోర్డు మీద వదిలేసే అలవాటున్న అబ్బాయిలూ, మీకే చెప్పేది. రాసుకున్న వెంటనే సిగరెట్ వెలిగించడం, తడి తలతో దేవుడి దగ్గర దీపం పెట్టడానికి వంగడం కూడా వద్దు, ఇది లిక్విడ్‌కీ వర్తిస్తుంది, ఆల్కహాల్ ఆరేదాకా ఆగండి.

ఇప్పుడు ఆ మెసేజ్‌లో సగం నిజం ఎక్కడుందో చెప్తా. లిక్విడ్‌లో ఉండి మామూలు ఫోమ్‌లో లేని పదార్థం ఒకటుంది, దాని పేరు ప్రొపిలీన్ గ్లైకాల్. మినాక్సిడిల్ ఒట్టి నీళ్లలో సరిగ్గా కరగదు, దాన్ని కరిగించి పట్టి ఉంచడానికి ఇది కలుపుతారు. తలకి రాశాక జిడ్డుజిడ్డుగా ఉండటం, ఎంతకీ ఆరకపోవడం, కొందరికి దురద, ఎర్రబడటం, చుండ్రు లాగా పొట్టు రాలడం, వీటికి ఎక్కువసార్లు కారణం ఇదే. మెసేజ్ వాడు నేరం మోపాల్సింది దీని మీద, వాడు పోయి ఆల్కహాల్ మీద మోపాడు. కాబట్టి లిక్విడ్ రాస్తే మీకు దురద వస్తుంటే ఫోమ్‌కి మారడం నిజంగానే మంచి ఆలోచన, చర్మం డాక్టర్లు కూడా అదే చెప్తారు. ప్రొపిలీన్ గ్లైకాల్ లేని లిక్విడ్‌లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. కాకపోతే కొద్దిమందికి మినాక్సిడిలే పడదు, వాళ్లకి ఫోమ్ రాసినా అదే దురద, అలాంటప్పుడు బ్రాండు మీద బ్రాండు మార్చుకుంటూ పోకుండా డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ (ఏది పడట్లేదో చర్మం మీద అంటించి చూసే పరీక్ష) చేయించుకోవడం నయం. దురదా మంటా ఏమీ లేకుండా లిక్విడ్ హాయిగా పడుతున్నవాళ్లకి ఈ పేరాతో పనే లేదు, మీ లిక్విడ్ మీరు వాడుకోండి.

"డబుల్ రిజల్ట్."

ఈ డబుల్ ఎక్కడి నుంచి పుట్టిందో నాకున్న అనుమానం చెప్తా. 2002లో మగాళ్ల మీద ఒక పెద్ద ట్రయల్ రిజల్ట్ అచ్చయింది, 393 మంది, 48 వారాలు, 5% లిక్విడ్ వాడినవాళ్లకి 2% లిక్విడ్ వాడినవాళ్ల కంటే 45% ఎక్కువ జుట్టు వచ్చింది. గమనించండి, రెండూ లిక్విడ్‌లే, తేడా మందు శాతంలో ఉంది. మన జనం ఏం చేస్తారంటే ఎప్పుడో 2% లిక్విడ్ వాడి ఉంటారు, ఇప్పుడు 5% ఫోమ్ వాడతారు, తేడా కనపడగానే ఆ క్రెడిట్ నురగకి ఇచ్చేస్తారు.

ఆడవాళ్ల మీద 2011లో వచ్చిన ట్రయల్ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 113 మంది, కొందరు 5% ఫోమ్ రోజుకి ఒక్కసారి, కొందరు 2% లిక్విడ్ రోజుకి రెండుసార్లు, 24 వారాలు. చివరికి జుట్టు లెక్కపెడితే ఫోమ్ ఏం తీసిపోలేదు, అలాగని దాటిపోనూ లేదు. గెలిచింది ఎక్కడంటే, ఒక్కసారి రాస్తే చాలు, తలకి ఇబ్బంది తక్కువ. అమెరికాలో 2014లో ఆడవాళ్లకి 5% ఫోమ్ రోజుకి ఒక్కసారే అని పర్మిషన్ ఇచ్చారు. ఇది సుఖం సంగతి, ఇందులో డబుల్ ఏమీ లేదు.

ఇంకోటి కూడా ఉంది. మినాక్సిడిల్ తలలోకి వెళ్లాక అక్కడి సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దాన్ని మార్చితేనే అది పనిచేస్తుంది. ఆ ఎంజైమ్ కొందరి తలలో తక్కువ. వాళ్లు లిక్విడ్ రాసినా ఫోమ్ రాసినా పెద్దగా ఏమీ రాదు, "నాకు పనిచేయలేదు భయ్యా, ఫేక్" అని కామెంట్ పెట్టేవాళ్లలో కొంతమంది వీళ్లే అయ్యుంటారు.

మిగతావాళ్ల విషయంలో ఎక్కువ తేడా పడేది రాసే పద్ధతిలో. లిక్విడ్ కొన్నవాళ్లు స్ప్రే తీసుకుని సెంటు కొట్టుకున్నట్టు పైపైన కొడతారు, మందంతా జుట్టుకే అంటుకుని ఆరిపోతుంది, చర్మానికి చేరేది తక్కువ, మిగిలింది నుదుటి మీదకి కారుతుంది. డ్రాపర్‌తో 1 ఎమ్మెల్ గీత దాకా తీసి, పాపిట తీసినట్టు జుట్టు విడదీసి, ఆ గీత వెంబడి చుక్కలు వేసి వేళ్లతో మెల్లగా రాయాలి. ఫోమ్ కొన్నవాళ్లు చేసే తప్పు వేరే. అది ఒంటి వేడికే కరిగిపోయేలా తయారుచేసిన నురగ. మన ఎండాకాలంలో అరచేతిలో వేసుకుని అద్దం దాకా నడిచేలోపే నీళ్లయిపోయి వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. అందుకే ముందు చన్నీళ్లతో చేతులు కడిగి తుడుచుకుని, లేదా మూతలోకే తీసుకుని, కొంచెం కొంచెంగా వేలికొనతో చర్మానికి పెట్టాలి. ఏదైనా సరే తల పొడిగా ఉన్నప్పుడే. కొబ్బరినూనె పట్టించిన తల మీద రాయకండి, నూనె పెట్టుకునే రోజు ఉంటే తలంటు ముందు పెట్టుకుని కడిగేసుకోండి.

నా అభిప్రాయం అడిగితే, పొట్టి జుట్టున్న మగాళ్లకి, నడినెత్తి మీద పల్చబడ్డవాళ్లకి ఫోమ్ సుఖంగా ఉంటుంది. ఒత్తయిన పొడుగు జడ ఉండి పాపిట వెడల్పవుతోందని వచ్చే ఆడవాళ్లకి డ్రాపరే నయం, నురగ జుట్టు దగ్గరే ఆగిపోతుంది.

"లిక్విడ్ వాడితే ఉన్నది కూడా ఊడిపోద్ది." మొదలుపెట్టిన రెండో వారం నుంచి రెండు నెలల లోపు కొంత రాలడం ఎక్కువవుతుంది, నిజమే. ఎలాగూ రాలడానికి రెడీగా ఉన్న పాత వెంట్రుకని కింద నుంచి కొత్తది తోసేస్తుంది. ఫోమ్ వాడినా ఇదే జరుగుతుంది. ఆ టైములో లిక్విడ్ ఆపి ఫోమ్‌కి మారినవాళ్లకి రాలడం దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం ఫోమ్‌కి వస్తుంది.

"సైడ్ ఎఫెక్ట్స్ జీరో, హార్ట్‌కి సేఫ్."

చర్మం నుంచి రక్తంలోకి వెళ్లేది తక్కువే, లిక్విడ్ అయితే రాసినదాంట్లో సగటున ఒకటిన్నర శాతం లోపు, ఫోమ్‌తో అందులో దాదాపు సగం. అంటే ఈ విషయంలో ఫోమ్‌ది కొంచెం పైచేయే, ఒప్పుకుందాం. కానీ తక్కువకీ జీరోకీ తేడా ఉంది కదా. బీపీ మందులు వాడేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఏది మొదలుపెట్టాలన్నా డాక్టర్ని అడగాలి. గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్ల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం కనిపిస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పుండ్లు, గీతలు ఉన్న తల మీద రాయకూడదు, త్వరగా వస్తుందని డబుల్ డోస్ అసలే వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు రెండూ వాడకూడదు.

మనం రాసుకున్నది మన తలకే ఉండిపోదనేది కూడా ఎవరూ చెప్పరు. స్పెయిన్‌లోని నవార్రాలో ఒక పసిబిడ్డకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం మొదలైంది, కారణం వెతికితే బిడ్డని చూసుకుంటున్న తండ్రి తలకి 5% మినాక్సిడిల్ రాసుకుంటున్నాడు, ఆయన ఆపాక బిడ్డకి తగ్గిపోయింది. ఇలాంటి కేసులు యూరప్‌లో ఇంకొన్ని బయటపడ్డాక 2024లో అక్కడి మందుల సంస్థ లేబుల్‌లో హెచ్చరిక పెట్టమంది. కాబట్టి ఇంట్లో చంటిపిల్లలుంటే రాశాక చేతులు సబ్బుతో కడగండి, తల ఆరేదాకా బిడ్డని భుజాన వేసుకోకండి, పడుకోవడానికి రెండు నుంచి నాలుగు గంటల ముందే రాయండి, లేకపోతే దిండుకి అంటి మొహానికి అంటుతుంది, ఆడవాళ్లకి బుగ్గల మీద నూగు రావడానికి అదొక కారణం. పిల్లిని పెంచుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త, పిల్లులకి ఇది విషం, కొంచెం నాకినా ప్రాణం మీదకి వస్తుంది.

ఇక చివరిది, నాకు ఒళ్లు మండేది, "ఆర్నెల్లు వాడి ఆపేయొచ్చు."

కుదరదు. వంశపారంపర్యంగా పల్చబడే జుట్టుకి వాడినన్నాళ్లే ఫలితం. రోజూ వాడితే తేడా కనపడటానికే నాలుగు నెలలు పట్టొచ్చు, ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చినదంతా పోయి, వాడకపోతే ఎలా ఉండేదో ఆ స్థితికి వచ్చేస్తుంది. ఆపేసి కూడా బాగున్నామనేవాళ్లు ఉంటారు, వాళ్లని కదిలిస్తే డెంగీయో టైఫాయిడో వచ్చిన రెండు మూడు నెలలకి, లేదా కాన్పు తర్వాత, గుప్పెళ్లకొద్దీ రాలినవాళ్లయి ఉంటారు, అది ఏ మందూ రాయకపోయినా కొన్ని నెలల్లో చాలామందికి తిరిగి వచ్చేదే. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే అది పేనుకొరుకుడు, దానికి వైద్యం వేరే, ఈ సీసా కొనే ముందే చర్మం డాక్టర్‌కి చూపించాలి.

అందుకే నేను అడిగినవాళ్లకి జేబు లెక్క చెప్తాను. మగాళ్లు రోజుకి రెండుసార్లు రాస్తే 60 ఎమ్మెల్ సీసా అయినా 60 గ్రాముల ఫోమ్ అయినా వచ్చేది ఒక నెల, ఫోమ్ ధర ఎక్కువ. ఏళ్ల తరబడి నెలనెలా పెట్టాల్సిన ఖర్చు ఇది. ఫోమ్ మోజులో మూడు నెలలు కొని, నాలుగో నెల జీతం చాలక మానేసేవాళ్లకంటే, జిడ్డు జిడ్డుగా ఉన్నా లిక్విడ్ మానకుండా రాసేవాళ్ల తలే బాగుంటుంది. దురద ఉందా, ఫోమ్ తీసుకోండి. దురద లేదంటే, పాత సీసానే ఇస్తాను.