కార్డు మీద రాయని పేరు

చెల్లెలి కొడుకు పెళ్లి. మంచం నిండా శుభలేఖలు, అన్నయ్యకి ఇవ్వాల్సిన కార్డు ఒక్కటే ఖాళీగా పక్కన పడి ఉంది. మూడేళ్ల కిందట చెల్లెలి పేరు మీద దొంగ సంతకం పెట్టి, ఊళ్లో ఆమె వాటా డెబ్బై సెంట్లు అమ్మేసుకున్నాడాయన. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ కోపం మనసులో ఉండగా, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకీ ఆమె దూరమైంది.

అక్క: రాసెయ్యవే. మొదటి ఆదివారం వస్తే చాలు, వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటావు. రొట్టె నీ పక్కనుంచి వెళ్లిపోతుంటే చూడలేకపోతున్నా.

చెల్లెలు: నీ వాటా నీ పెళ్లప్పుడే ముట్టింది, క్షమించమనడం నీకు తేలికే! అయినా ఈ ప్రసంగం ఎప్పుడూ పోగొట్టుకున్నవాళ్లకే ఎందుకు చేస్తారు? అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్న బైబిల్లోని జక్కయ్య సంగతి అన్నయ్యకి ఎవరూ చెప్పరేం?

అక్క: అది ఆయన లెక్క. నీ లెక్క మత్తయి 18. పదివేల తలాంతుల కొండంత అప్పు మాఫీ అయినవాడు వంద దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు.

చెల్లెలు: వంద దేనారాలంటే వంద రోజుల కూలి అక్కా, చిల్లర కాదు. పైగా అందులో బాకీ ఉన్నవాడు కాళ్లమీద పడి గడువడిగాడు. మన అన్నయ్య ఫోనే ఎత్తడు. మారుమనస్సు పొందితే క్షమించమనే కదా లూకా 17లో ఉంది?

అక్క: మార్కు 11లో ఆ షరతు లేదు. ప్రార్థనకి నిలబడినప్పుడు ఎవరిమీద ఏమున్నా క్షమించమన్నాడు, అంతే. నువ్వేమో అర్ధరాత్రి లేచి ఆ దస్తావేజు జిరాక్సు ముందేసుకుని కూర్చుంటావు.

చెల్లెలు: కూర్చుంటా. నా పేరులో సున్నా నేనెప్పుడూ పూర్తిగా మూయను. అందులో మూసేసి ఉంది. అది చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

అక్క: ఆ మిషనరీ భార్య గ్లాడిస్ స్టెయిన్స్‌కి మండలేదా? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ తగలబెట్టేశారు. చిన్నవాడికి ఆరేళ్లు. అయినా క్షమించానంది.

చెల్లెలు: ఆవిడ మహాతల్లి. ఆవిడ పేరు చెప్పి నాలాంటోళ్ల నోరు మూయించడం మీకు అలవాటైపోయింది గానీ, ఆవిడ క్షమించిందని ఆ హంతకుడు దారా సింగ్‌ని వదిలేశారా? 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవమే ఖాయం చేసింది.

అక్క: నేను చెప్పేదీ అదేనే! క్షమాపణ ఆవిడది, శిక్ష కోర్టుది. కేసు వాపసు తీసుకోమని నేనన్నానా?

చెల్లెలు: పాస్టరు గారన్నారు, విశ్వాసులు కోర్టుకెక్కకూడదని.

అక్క: ఆయనతో నేను మాట్లాడతా, కేసు నడవనీ. అన్నయ్య నాశనమైపోవాలని మోకాళ్లమీద అడుగుతున్నావు చూడు, అది మానెయ్.

చెల్లెలు: ...అడిగాను. వాళ్లమ్మాయి కాన్పు కష్టమైందని తెలిసిన రోజు నాకు లోపల చల్లగా అనిపించింది అక్కా. ఆ పిల్లని ఎత్తుకుని పెంచాను నేను. ఆ రాత్రి నన్ను చూస్తే నాకే భయమేసింది.

అక్క: కార్డు ఇటివ్వు, నేను రాస్తా.

చెల్లెలు: వద్దు, పేరు రాసి కింద నేనే సంతకం పెడతా. సున్నా ఎలా పెడతానో ఆయన ఒకసారి చూడాలి. పదిహేనో తారీఖు వాయిదాకి మాత్రం వెళ్తాను. బల్ల సంగతి ఇప్పుడే అడక్కు.