మర్చిపోలేదు, వదిలేశాను

మహారాజశ్రీ ఆన్‌లైన్ షాపింగ్ కార్ట్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. రాత్రి 2 గంటలకు తమరు ప్రేమతో పంపిన నోటిఫికేషన్ అందింది. ‘మీరేదో మర్చిపోయారు!’ అని, పక్కన ఒక ఏడుపు ముఖం బొమ్మ, కింద ఆ టేబుల్ లైట్ ఫొటో.

మర్చిపోలేదండీ. వదిలేశాను.

ఈ రెంటికీ తేడా తమరికి తెలియకపోవచ్చు కాబట్టి విన్నవించుకుంటున్నాను. నిన్న సాయంత్రం బటన్ మీద వేలు పెట్టుకుని 40 నిమిషాలు కూర్చున్నాను. లేచి ఫోన్‌ని పక్క గదిలో బోర్లా పెట్టి వచ్చాను. మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను. మళ్లీ పెట్టి వచ్చాను. ఏమీ కొనకుండా 19 రోజులు గడపడం ఈమధ్య నేను చేసిన ఒకే ఒక్క ఘనకార్యం. తమరు దాన్ని తీసుకెళ్లి మతిమరుపు ఖాతాలో రాసేశారు. తాగుడు మానేసినవాడు బార్ ముందు నుంచి తలొంచుకుని పోతుంటే, ఓనరు గ్లాసు పట్టుకుని వెంట పరిగెత్తి ‘అయ్యా, మర్చిపోయి వెళ్తున్నారు’ అన్నట్టుంది.

టేబుల్ లైట్లు ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి. రెండోది ఇంకా పెట్టెలోనే ఉంది. అది బద్ధకమని ఇంట్లోవాళ్ల అభిప్రాయం. అసలు సంగతి, పార్శిల్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నాకు దక్కాల్సిన ఆనందం అయిపోయి ఉంటుంది. ఆర్డర్ పెట్టిన పది నిమిషాలే పండగ. ఆ తర్వాత మిగిలేది సిగ్గు, ఆ పెట్టెను ఎవరి కంటా పడకుండా ఎక్కడ దాచాలన్న టెన్షన్. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు చదివాక కొంచెం అర్థమైంది. ముందు ఒక సంకేతం, ఆ తర్వాత పండ్లరసం. అలవాటయ్యాక కోతి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు చెలరేగేది రసం నోట్లో పడినప్పుడు కాదు, సంకేతం కనబడినప్పుడు. ఆ సంకేతం ఒక్కోసారి ఉత్త లైటేనట. కోతికీ లైటే, నాకూ లైటే. పాపం దానికి రసమైనా దక్కింది.

తమరి ‘ఇంకా 2 మాత్రమే మిగిలాయి’ గురించి, పేజీ మళ్లీ తెరిస్తే మొదటి నుంచి మొదలయ్యే ఆ గడియారం గురించి నేనేమీ అనను. అవి చిన్నపిల్లల అబద్ధాలు.

ఈ కొనుగోళ్ల జబ్బు తమరు పుట్టించింది కాదని ఒప్పుకుంటాను. ఎమిల్ క్రెపెలిన్ అనే జర్మన్ మానసిక వైద్యుడు నూరేళ్ల కిందటే దీని గురించి రాశాడు. పేరు ఓనియోమేనియా. గ్రీకులో ఓనియోస్ అంటే అమ్మకానికి ఉన్నది. కాకపోతే ఆ రోజుల్లో రోగి దుకాణం దాకా నడవాలి, కాళ్లు నొప్పి పుట్టాలి, జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రయితే దుకాణం మూసేవారు. ఆ తలుపుకి వేసిన తాళమే సగం వైద్యం. తమరు వచ్చి తాళం తీసేశారు. ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి 1999లో అమెరికాలో పేటెంట్ కూడా ఇచ్చారు. మనిషి ‘నాకిది ఎందుకు?’ అనుకునే ఆ కాసేపటిని తీసెయ్యడం ఒక ఆవిష్కరణ అన్నమాట!

వైద్యుల పుస్తకాల్లోనూ నాకు సరైన చోటు లేదు. జూదాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5లో వ్యసనాల సరసన చేర్చారు. షాపింగ్‌ని చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ దీనికి విడిగా గడి లేదు, ‘ఇతరములు’లో సర్దుకోవాలి. అందుకే కాబోలు, సీసా దాచుకున్నవాణ్ణి చూసి ఇల్లంతా బెంగపడుతుంది. నేను పార్శిల్ దాచుకుంటే ‘ఏం కొన్నావో చూపించు’ అని నవ్వుతారు.

కౌన్సెలర్ చెప్పినట్టు కార్డు నంబరు చెరిపేశాను. కొనాలనిపించినప్పుడల్లా దానికి ముందు ఏం జరిగిందో ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. నిద్ర పట్టలేదు. ఆఫీసులో మాట పడ్డాను. ఆదివారం సాయంత్రం. నిద్ర పట్టలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఇన్ని పేజీల్లో ‘ఫలానా వస్తువు అవసరమైంది’ అని ఒక్క లైనూ లేదు.

ఆ నోట్‌బుక్ నీకు అక్కర్లేదు. నీకు ముందే తెలుసు. నాకు నిద్ర పట్టదని తెలిసే 2 గంటలకు వచ్చావు. అవును, నువ్వే. ఇక గారూ లేదు, గీరూ లేదు. 19 రోజులు పళ్లు బిగపట్టుకుని ఉన్నవాడి దగ్గరికి ఏడుపు ముఖం వేసుకుని వస్తావా? సిగ్గుందా నీకు? ఇంకా ఘోరం ఏమిటంటే, ఫోన్ వెలగగానే ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఆ వేళప్పుడు నన్ను తలుచుకునేది నువ్వొక్కదానివే మరి.

పొద్దున్నే ఆ లైట్‌ని తీసెయ్యడానికి నొక్కాను. ‘నిజంగానే తీసేయాలా?’ అని అడిగావు. ఇన్ని పెట్టెలు పంపావు కదా, కొనేటప్పుడు ఒక్కసారైనా ఆ మాట అడిగావా?

ఇట్లు,
ఇవాళ్టికి 20 రోజులు